నడిచే స్తంభాలు

కంప్యూటరు తెర మీద, పరీక్ష పెడుతున్న ఆఫీసరమ్మ నోరు తెరిచింది తెరిచినట్టే ఆగిపోయింది. పరీక్ష మొదలై అరగంట కాలేదు, లైను తెగడం ఇది రెండోసారి. కోడలు హెడ్‌ఫోన్స్ మంచం మీదకి విసిరి, రెండేసి మెట్లు ఎక్కుతూ డాబా మీదకి పరిగెత్తింది.

అనుకున్నంతా అయింది. మామగారు మోకాళ్ళ మీద కూర్చుని, ఇంటర్నెట్ డిష్‌ని రెండు చేతులా పట్టుకుని దాని మెడ నిలబెడుతున్నారు.

"మామయ్యా! వదలండి దాన్ని!"

"ఓ పక్కకి వాలిపోయిందమ్మా. ఇందాక నిటారుగా పెట్టి వెళితే మళ్ళీ వాలింది. బిగించినవాడెవడో గానీ వట్టి పని రానివాడు."

"అది వాలడం కాదు. ఎటు తిరగాలో దానికి తెలుసు. మీరు కదిపితే లైను పోతుంది."

"నాకు చెప్తున్నావా? ముప్పై ఐదేళ్ళు టెలిఫోన్ స్తంభాలెక్కినవాణ్ణి!"

అందులో అబద్ధం లేదు. ఒకప్పుడు ఊళ్ళో సగం ఫోన్లు ఆయన చేతి చలవతోనే మోగాయి. కోడలికి ఇవాళ ఆ చేతులతోనే వచ్చింది చిక్కు. ఆమె కోరుకున్నది ఆస్పత్రి ఉద్యోగం. డాక్టరు మాట రోగికి, రోగి మాట డాక్టరుకి, ఇంట్లో కూర్చునే వీడియోలో అప్పటికప్పుడు వాళ్ళ వాళ్ళ భాషలో చెప్పాలి. పరీక్షలో లైను మూడుసార్లు తెగితే ఇక ఆ ఉద్యోగం ఊసెత్తక్కర్లేదు. రెండు అయిపోయాయి.

కోపం వచ్చింది. మింగేసి, ఆయన పక్కనే చతికిలబడింది.

"మామయ్యా, మీ స్తంభం ఒకటి నడుచుకుంటూ పోయిందనుకోండి. తీగ ఏమవుతుంది?"

"స్తంభం ఎక్కడైనా నడుస్తుందా?"

"పైన ఆకాశంలో ఉపగ్రహాలు అలాగే నడుస్తున్నాయి. ఒకటి పోతుంటే ఇంకోటి వస్తుంది. ఈ డిష్ ఒకదాన్ని వదిలి ఇంకోదాన్ని పట్టుకుంటూ ఉంటుంది. మీరు మెడ తిప్పేస్తే దానికి ఏ స్తంభమూ కనిపించదు."

ఆయన తలెత్తి ఆకాశంలోకి చూశారు. చేతులు మెల్లగా వెనక్కి తీసుకున్నారు.

"ఈ ముక్క ముందే చెప్పొద్దూ! నువ్వెళ్ళి నీ పని చూసుకో. నేనిక్కడే కాపలా ఉంటా. కాకిని కూడా వాలనివ్వను."

కాసేపటికి డిష్ తన వంపు తానే సర్దుకుంది. తెర మీద ఆఫీసరమ్మ కదిలింది గానీ ఆమె మొహంలో చిటపటలు మాత్రం తగ్గలేదు.

"రెండుసార్లు! ఎందుకు తెగింది?"

"మా మామగారు డిష్ సరిచేశారండీ. ఇక ముట్టుకోరు."

"అంత నమ్మకంగా ఎలా చెప్తున్నారు?"

"ఆయనకి అర్థమయ్యేలా చెప్పానండీ."

"రోగి గుండెనొప్పి గురించి చెప్తున్నప్పుడు లైను తెగితే, అతనికీ మీ మామగారి కథే చెప్తారా? ఇంకోసారి తెగితే పరీక్ష అక్కడితో సరి."

"తెగదండీ," అంది కోడలు.

ఇక వెనక్కి చూడలేదు. కడుపులో దేవుతోందని, కళ్ళు బైర్లు కమ్ముతున్నాయని, గుండె దడదడలాడుతోందని పరీక్షలో రోగి వేషం కట్టిన గొంతు గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోతుంటే, ఒక్క మాట కింద పడకుండా డాక్టరుకి అందించింది. డాక్టరు దంచిన పెద్ద పెద్ద మాటల్ని రోగికి మంచినీళ్ళు తాగినంత తేలిగ్గా విప్పి చెప్పింది. తనని చూసి తనకే ముచ్చటేసింది. ఇంకొక్క ప్రశ్న మిగిలింది.

ఆఫీసరమ్మ మళ్ళీ బొమ్మయిపోయింది.

కోడలు ఈసారి పరిగెత్తలేదు. మెట్టు మెట్టూ ఎక్కి వెళ్ళింది. మామగారు డిష్‌కి పది అడుగుల దూరంలో కుర్చీ వేసుకుని, చేతులు కట్టుకుని కూర్చున్నారు.

"నేను ముట్టుకోలేదమ్మా! నీ మీద ఒట్టు!"

ఆయన అబద్ధమాడే మనిషి కాదు. డిష్ ఉన్నచోటే, ఉన్న వంపులోనే ఉంది. కోడలికి ఏడుపొచ్చింది. కిందికి దిగి, కంప్యూటరు ముందు కూలబడింది.

తెర వెలిగింది. ఆఫీసరమ్మ జుట్టు చెదిరిపోయి ఉంది. ఆయాసపడుతోంది.

"మేడమ్, ఈసారి మా వైపు నుంచి ఏ తప్పూ..."

"మీ పనికి వంక పెట్టేదేం లేదు. ఉద్యోగం మీదే. ముందు మీ మామగారిని కాస్త పిలుస్తారా?"

"ఆయనెందుకండీ?"

"ఈసారి తెగింది నా లైనమ్మా. మా మామగారు మా ఇంటి డిష్ సరిచేస్తానని డాబా దిగనంటున్నారు, నా మాట వినడం లేదు, ఆ అర్థమయ్యేలా చెప్పిందేదో మీ ఆయన చేత మా ఆయనకి... అదే, మీ మామగారి చేత మా మామగారికి ఒక్కసారి చెప్పించండి!"