వేలు తీయబ్బాయ్

"ఇరుక్కుపోయిందండీ," అన్నాడు ఎమ్మెట్, ఓటమి ఒప్పుకున్నట్టు. పేలిన తుపాకీ బోల్టు వెనక్కి వెళ్లి అక్కడే ఆగిపోయింది. కంచె గుంజ మీద బీన్సు డబ్బా మాత్రం చెక్కుచెదరలేదు.

ఓరిన్ మొహం వెలిగిపోయింది.

వరండా మెట్ల మీద కూర్చున్న నోలా గోళ్లు కొరుక్కుంటోంది. ఆమెను పెళ్లాడతానంటూ ఈ కొండల్లోకి వచ్చిన ప్రతి కుర్రాడికీ వాళ్ల నాన్న ఓరిన్ ముందు చేతికిచ్చేది కాఫీ కాదు, ఈ పాత పాయింట్ టూ టూ తుపాకీ. మొదటివాడు "నాకు తెలుసులెండి" అని ఆయనకే పాఠం చెప్పాడు. రెండోవాడు బోల్టుని సుత్తితో కొట్టబోయాడు. ఇద్దరూ భోజనం మొహం చూడకుండానే కారెక్కారు. ఎమ్మెట్ అంటే నోలాకి ప్రాణం. నాన్న కాదంటే మాత్రం ఆయన్ని ఎదిరించే ధైర్యం ఆమెకు లేదు.

"ఏం పని చేస్తావన్నావు?" అడిగాడు ఓరిన్.

"ఊళ్లో ఒక కొట్లోనండీ..."

"ఇనుప సామాన్ల కొట్లో నాన్నా! మేకులూ గడియలూ అమ్ముతారు," అని నోలా గబగబా అందుకుంది.

"ఓహో, మేకులా? సరే, పేలాక నువ్వేం చేశావు?"

"ట్రిగ్గర్ నొక్కే ఉంచానండీ. వెంటనే వదిలేస్తే గురి తప్పుతుందంటారు కదా."

"అది మిగతా తుపాకులకి. దీని దారి దీనిది. నొక్కి ఉంచినంతసేపూ బోల్టు వెనకే కూర్చుంటుంది. వేలు తీయబ్బాయ్!"

ఎమ్మెట్ వేలు తీశాడు. బోల్టు టక్కున ముందుకొచ్చి, కొత్త తూటాని లోపలికి తోసింది.

"అమ్మో!" అన్నాడు ఎమ్మెట్.

ఇక ఓరిన్‌ని పట్టేవాళ్లు లేరు. తూటాలన్నీ తీసేసి, తుపాకీని ఒళ్లో పెట్టుకుని, పక్కనున్న సన్నటి గాడులు చూపించాడు.

"వీటిని మొప్పలంటాం."

"అయితే నీళ్లలో పెట్టాలాండీ?"

ఓరిన్ దగ్గొచ్చేదాకా నవ్వాడు. నవ్వాక పాఠం మళ్లీ మొదటినుంచీ ఎత్తుకున్నాడు. ఆ తర్వాత ఇంకోసారి. ఎమ్మెట్ ప్రతిసారీ నోరు తెరుచుకుని విన్నాడు, కొత్తగా ఏదో ఒకటి అడిగాడు. లోపల జింకమాంసంతో వండిన చిల్లీ కూర చల్లారిపోయింది. నోలా వాళ్లమ్మ వెల్మా రెండుసార్లు కేకేసింది, మూడోసారి గరిటె పట్టుకునే బయటికొచ్చింది.

భోజనాల దగ్గర మొక్కజొన్న రొట్టె తుంచుతూ ఓరిన్ అన్నాడు: "పెళ్లి ఎప్పుడైనా పెట్టుకోండి. ఉడతల వేట మొదలయ్యే వారం మాత్రం వద్దు. నేను రాను."

నోలా కుర్చీలోంచి లేచి, ఆయన మెడ పట్టుకుని ఏడ్చేసింది. ఎమ్మెట్ చిల్లీ మూడోసారి వడ్డించుకున్నాడు.

ఎమ్మెట్ కారు మలుపు తిరిగేదాకా చెయ్యూపి, వెల్మా మొగుడి మీద విరుచుకుపడింది.

"ఏమయ్యా, నీకసలు జాలుందా? తుపాకీ మొహం చూడని పిల్లాడికి ఒకటే పాఠం ముమ్మారు చెప్పి చంపావు. ఎలా ఓర్చుకున్నాడో పాపం!"

"నేను చూసిందీ అదే," అన్నాడు ఓరిన్, నూనె గుడ్డతో బోల్టు తుడుస్తూ. "పోయిన చలికాలం ఊళ్లో తుపాకుల కొట్లో దీన్ని బాగుచేసింది వాడే."