రంగెక్కని కణాలు

రెండు వందల ఫ్లాస్కుల్లో ఒక్కటి కూడా రంగు తిరగలేదు.

నల్ల క్యారట్ కణాలవి. రెండు వారాలు లైట్ల కింద ఉన్నాక చిక్కటి ఊదా రంగులో మెరవాలి. ఉడికిన అన్నంలా తెల్లగా పడున్నాయి. ఆ రంగు కొనడానికి వస్తున్న కంపెనీవాళ్లు బొంగులూరు దగ్గర రింగు రోడ్డు దిగారని ఇప్పుడే ఫోనొచ్చింది. అక్కణ్ణుంచి ఇబ్రహీంపట్నంలోని ఈ ల్యాబ్‌కు ఎంతసేపు? వాళ్లొచ్చేలోగా ఇది ఎవరి నిర్వాకమో తేల్చమనీ, తేలినవాళ్లు ఈ సాయంత్రంతో ఇంటికి పోవాల్సిందేననీ డైరెక్టర్ తాతారావు చెప్పి వెళ్లాడు.

ల్యాబ్ ఇన్‌చార్జి శ్రీసుధ, సీసాలు కడిగే నర్సింహమ్మను పిలిచింది. వెలుగు లేకపోతే ఈ కణాలకు రంగు రాదు. గదిలోంచి బయటికొస్తూ లైటు ఆర్పేయడం నర్సింహమ్మకు ఇంటి దగ్గర అలవాటు. ఇక్కడా రెండుసార్లు ఆర్పి దొరికిపోయింది.

"నిజం చెప్పు. మళ్లీ లైట్లు ఆర్పావు కదూ?"

"గప్పుడు నువ్వు తిట్టినంక స్విచ్చు దిక్కు గూడ సూడలే మేడం." నర్సింహమ్మ కిటికీ పక్కనున్న అరను చూపించింది. "గవి గూడ తెల్లగనే ఉన్నయ్ గద. ఎండను గూడ నేనే ఆర్పిన్నా?"

శ్రీసుధ ఆ అర దగ్గరికి నడిచింది. పొద్దుటి ఎండ నేరుగా పడే ఫ్లాస్కులవి. లోపం వెలుగులో లేదు. మరి ఎందులో?

నర్సింహమ్మే గొంతు తగ్గించి మొదలుపెట్టింది. హార్మోన్ సీసాలు రెండుంటాయి. ఎర్ర మూతది గాఢమైనది, కణాలు పెరగడానికి. తెల్ల మూతది పలచనిది, రంగు రావడానికి. ఎర్ర మూతది కడగడానికి నెలకోసారి వచ్చేదట. ఈసారి నాలుగు రోజులకే ఖాళీ అయి వచ్చిందట. తెల్లది మాత్రం ఫ్రిజ్‌లో నిండుగా అలాగే ఉందట.

శ్రీసుధ ఫ్రిజ్ తెరిచి చూసింది. గాఢమైన హార్మోన్ పడితే కణం పెరుగుతూనే పోతుంది, రంగు జోలికి పోదు. ఈ రెండు వందల ఫ్లాస్కులకూ హార్మోన్ కొలిచింది తనే. తొందరలో మూత ఏ రంగుదో చూసుకోనిదీ తనే.

"ఎవరికైనా చెప్పావా?"

"ఎవరికి చెప్త బిడ్డా? ఎసొంటోళ్లకైనా తప్పయితది. నువ్వే సార్‌కు చెప్పుకో. చదువుకున్నదానివి, నిన్నేమంటడు?"

శ్రీసుధ కిటికీ పక్కనున్న ఫ్లాస్కులన్నీ ఎండ తగలని లోపలి అరలోకి మార్చమంది. ఎందుకని నర్సింహమ్మ అడగలేదు. రెండేసి చొప్పున జాగ్రత్తగా పట్టుకొచ్చి సర్దింది.

చివరిది పెడుతుండగా తాతారావు తలుపు తోసుకుని వచ్చాడు. "తేలిందా అమ్మా? ఎవరు?"

శ్రీసుధ తలెత్తి ఆయన్ను సూటిగా చూసింది.

"నర్సింహమ్మేనండీ. లైట్లు ఆర్పేసింది."