గడప లేని ఇల్లు

“గిదేం ఇల్లయ్యా? కోళ్లను కమ్మే గంప! గడప లేని కొంపల నేను కాలు పెట్ట.”

పొంగించడానికి తెచ్చిన పాలగిన్నెతో సారక్క బయటే నిలబడింది.

ఆమె మొగుడు గట్టయ్య వెదురుముక్కలను త్రికోణాలుగా సైకిల్ ట్యూబుతో ముడేసి, ఒకదానికొకటి కలిపి, బోర్లించిన గిన్నెలాంటి ఇల్లు కట్టాడు.

“ఎంత గాలొచ్చినా పట్టి లేపెతందుకు దీనికి మూలలే లేవు గదనే!”

“గడప గావాలె. గంతే.”

గట్టయ్య గాలికి కూలిన పాత ఇంటి దర్వాజను గడపతో సహా మోసుకొచ్చి ఆమె ముందు నిలబెట్టాడు.

పసుపు రాయబోయి సారక్క ఆగిపోయింది. దర్వాజకు ఒకవైపు మరాఠీలో ఇంటి నంబరు, ఇంకోవైపు రాష్ట్రం విడిపోయాక తెలుగులో వేసిన కొత్త నంబరు. సరిహద్దులోని ఆ జివతి కొండల ఊరు మాదంటే మాదని రెండు రాష్ట్రాలూ వేసినవి.

“ఇల్లు కూలిన్నాడు సాయం అడగవోతే మరాఠీ సారు తెలుగు నంబరు జూసి ‘అటోళ్లను అడుగుపో’ అన్నడు. తెలుగు సారు మరాఠీ నంబరు జూసి గదే మాట. ఓట్లప్పుడైతే ఇద్దరికీ మనోళ్లమే. థూ!” ఉమ్మేసింది. “గొడ్డలి తే.”

“గడపను నరుకుతరానే? పాపం గాదా?”

“గది గడప గాదు. వాళ్లు రాసుకునే బోర్డు.”

వెదురింటి ముందు మట్టిలో పసుపుతో ఒక గీత గీసి, దాన్ని దాటి, సారక్క తల వంచి లోపలికి వెళ్లింది. మూడు రాళ్ల పొయ్యిలో నరికిన దర్వాజ కట్టెల మీది రెండు నంబర్లనూ పక్కపక్కనే పెట్టి అంటించింది.

రంగు కాలిన కంపుకు కొంగు అడ్డం పెట్టుకుని, పాలు పొంగేదాకా ఊదింది.