గుడ్లు తిన్న తల్లి

“రెండుసార్లు గుడ్లు పెట్టింది, రెండుసార్లూ తినేసింది. ఇదేం తల్లండీ!” అంటూ, వేలెడంత చేప ఉన్న నీళ్ల సంచిని బల్ల మీద పెట్టాడు కొనుక్కెళ్లినాయన.

ఇంట్లోనే అద్దాల తొట్లలో పొట్టి సిక్లిడ్ అనే రంగుచేపల్ని పెంచి అమ్మే అతనికి ఒళ్లు మండింది.

“దాన్నంటారేమిటండీ? పాపం, కొత్తగా తల్లయింది. మీరు గంటకోసారి లైటు వేసి చూసుంటారు.”

“చూడకపోతే ఎలా తెలుస్తుంది?”

“తొట్టిలో రొయ్యలు కూడా ఉన్నాయా?”

“ఉన్నాయి.”

“ఇంకేం! అవి గుడ్ల చుట్టూ మూగుతుంటే, పైనుంచి మీరు తొంగిచూస్తుంటే అది బెదిరిపోదూ? ముందు రొయ్యల్ని తీసేయండి. తొట్టి మీద గుడ్డ కప్పి దాని మానాన దాన్ని వదిలేయండి. ఈసారి పిల్లల్ని ఎంత బాగా చూసుకుంటుందో మీరే చూద్దురుగాని.”

లోపలి గదిలో పసిబిడ్డ ఏడుపు అందుకుంది. వెంటనే అతని తల్లి గొంతు, దాని వెనకే మేనత్త గొంతు.

“ఇంకా పాలు పడలేదూ? ఏదీ, చూడనీ!”

పొద్దున పాలు పడలేదని బాలింత భార్య మీద “నువ్వేం తల్లివే!” అని తను అరిచింది గుర్తొచ్చింది.

అతనికి తల కొట్టేసినట్టయింది. చేపను తీసుకుని వెళ్తున్నాయన ఏదో అడిగినా వినకుండా గది గుమ్మం దగ్గరికి నడిచాడు.

“అమ్మా, అత్తా, మీరిద్దరూ కాస్త ఇవతలికి రండి.”

వాళ్లు గొణుక్కుంటూ వచ్చాక, తప్పయిందని చెబుదామని లోపలికి అడుగుపెట్టాడు. అతన్ని చూడగానే ఆమె బిడ్డను పొదివిపట్టుకుని గోడవైపు జరిగింది.

లైటు వేయబోయిన చేయి స్విచ్ మీదే ఆగిపోయింది. తలుపు దగ్గరగా వేసి అతనూ ఇవతలికి వచ్చేశాడు.