డ్రైవర్ లేని బండిలో ఒడిబియ్యం

“బటను ఎర్రదేనా బిడ్డా?”

“ఎర్రదే అవ్వా. మీద మూత గూడ ఉంది.”

“మూత తీసి పెట్టుకో. ఆపతి టైముకు గోరు ఇరుక్కుంటది.”

తెర మీద తల్లి రుక్మాబాయి నుదురు, బొట్టు మాత్రమే కనిపిస్తున్నాయి. అమ్మ ఫోన్ ఎప్పుడూ అంతే పట్టుకుంటుంది. అంకితకు నవ్వొచ్చింది.

రుక్మాబాయి పొద్దున్నే జక్రాన్‌పల్లిలో బస్సెక్కి బోధన్‌లో అల్లుడి ఇంటికి వచ్చేసింది. సరుకుల నౌక అంతరిక్ష కేంద్రాన్ని చేరడం టీవీలో చూపిస్తారని వాడకట్టు సగం ఆ ఇంట్లోనే ఉంది. మనిషి లేకుండా తనంతట తానే నడిచే నౌక అది. స్టేషన్‌కు తిండి, నీళ్లు, పనిముట్లు మోసుకొస్తోంది. చివరి కొద్ది దూరంలో దాని నడక తేడాగా ఉంటే బటన్ నొక్కి వెనక్కి తరమడం అంకిత డ్యూటీ.

పెళ్లయిన రెండో నెలలోనే ఈ డ్యూటీ పడింది. ఆ రెండు నెలలూ తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకు బుగ్గలు నొప్పి పుట్టేంత నవ్వు. ప్రేమ్ పెట్టే చాయ్‌లో చక్కెర, ప్రేమ్ పాడే పాటల్లో తప్పులు, రెండూ ఎక్కువే.

ఫోన్ ప్రేమ్ లాక్కున్నాడు. “అంకీ, మీ అవ్వ నన్ను పరేషాన్ చేస్తున్నది. బియ్యం దారిల ఒలికినయా అని పదిసార్లు అడిగింది.”

డ్యూటీలో ఉన్నవాళ్ల ఇళ్ల నుంచి తలా ఒక చిన్న మూట నౌకలో పెట్టనిస్తారు. మిగతావాళ్లు మిఠాయిలు, ఫోటోలు పంపారు. రుక్మాబాయి ఒడిబియ్యం పంపింది. కూతురికి పెళ్లయిన మొదటి ఏడాది ఒడిలో పోయాలని పసుపు కలిపి ఉంచిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, రవికె గుడ్డ. ఒడి పట్టడానికి అంకిత పుట్టింటికి రాలేకపోయింది.

“ఆడబిడ్డ పేరు మీద కలిపిన బియ్యం ఇంట్ల ఉంచుకోవద్దు. ఏదో ఓ బండెక్కియ్యాలె,” అంది రుక్మాబాయి వెనక నుంచి.

“అత్తమ్మా, గాడ కుక్కరుందా, పొయ్యుందా? ఎట్ల వండుతరు?”

“వండుకోనీకి గాదు, ఒడిల పోసుకోనీకి.”

“ఒడిల నిలుస్తయా? గింజ గింజ ఓ దిక్కు పోతది.”

“కొంగుకు గట్టిగ ముడేసుకోమను!”

ఇల్లంతా నవ్వింది. అందరికంటే ఎక్కువ ప్రేమ్ నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. “ఇంటికెప్పుడొస్తవ్?”

“డ్యూటీ కాంగనే.”

“అంకితా, నౌక దగ్గరికొచ్చేసింది,” అన్నాడు పక్కనున్న భానుప్రసాద్. ఈ పనిలో ఆమెకంటే పెద్దవాడు.

“అవ్వా, పెట్టేస్తున్న.”

“పైలం బిడ్డా.” వెనక నుంచే జాగ్రత్త చెప్పింది రుక్మాబాయి.

ముందు పంపిన నౌక దారిలోనే కాలిపోయింది. ఇది కూడా చేరకపోతే స్టేషన్‌ను ఖాళీ చేయాల్సిందే. అంకిత ఏళ్లపాటు కన్న కల స్టేషన్‌లోని ఒక గాజు పెట్టెలో ఉంది. నిజామాబాద్ పసుపు కొమ్ము అందులో మొన్ననే తొలి ఆకు విప్పింది. స్టేషన్ ఖాళీ అయితే అది ఎండిపోతుంది. నౌక వచ్చి గుద్దుకుంటే పోయేది ఒక్క మొక్కే కాదు.

తెరలో నౌక మెల్లగా పెద్దదైంది. అంతలో ఒక పక్కకు ఒరిగింది. వెంటనే రెండో పక్కకు ఊగింది. హెడ్‌ఫోన్‌లో కంట్రోలర్ ఏదో చెప్పబోయాడు. గరగరమని చప్పుడొచ్చి లైను తెగిపోయింది.

“నొక్కెయ్ అంకితా!”

“నొక్కితే మళ్లీ రాలేదు సార్. దానికి అంత ఇంధనం లేదు.”

“నొక్కకపోతే?”

అంకితకు ట్రాక్టర్ గుర్తొచ్చింది. పెళ్లయిన కొత్తలో ప్రేమ్ తనకు చెరకు ట్రాక్టర్‌ను తూకం వేసే కాటా మీదికి వెనక్కి ఎక్కించడం నేర్పాడు. ట్రాలీ ఊగగానే ఆమె కంగారుగా స్టీరింగ్ తిప్పేసింది. ఇద్దరూ వెళ్లి గుంతలో పడ్డారు. “ఊగంగనే చెయ్యి పెట్టకు,” అన్నాడు ప్రేమ్ జుట్టులోంచి చెరకాకు తీసుకుంటూ. “ఊగుడు పెరుగుతుందా, తగ్గుతుందా, ముందుగాల గది సూడు.”

ఆమె వేలు బటన్ మీదే ఉంది. చూపు తెర మీద ఉంది. నౌక మళ్లీ ఊగింది. మొదటిసారంత కాదు.

“తగ్గుతోంది సార్.”

“ఖాయమా?”

ఇంకోసారి ఊగింది. అంతకంటే తక్కువ.

“ఖాయం. రానివ్వండి.”

నౌక నిటారుగా నిలదొక్కుకుంది. నెమ్మదిగా, పద్ధతిగా, వచ్చి అతుక్కుంది. తెర నిండా పచ్చ వెలుగు. భానుప్రసాద్ ఒక్క కేక పెట్టాడు. హెడ్‌ఫోన్‌లో లైను తిరిగొచ్చింది. అటువైపు అంతా చప్పట్లే.

అతుకు దగ్గర గాలి కారడం లేదని తేలేదాకా నౌక తలుపు తీయకూడదు. ఆ వ్యవధిలో బోధన్ ఇంటి ఫోన్ మళ్లీ కలిసింది. వాకిట్లో పటాకులు పేలుతున్నాయి. ఎవరో చెరకు రసం బండినే ఇంటి ముందుకు తోలుకొచ్చారు. ప్రేమ్ భుజం మీది తువ్వాల గిరగిరా తిప్పుతూ ఎగురుతున్నాడు.

“నేను నేర్పిన పాఠమే గద అంకీ?”

“గుంతల పడేసింది గూడ నువ్వే గద!”

రుక్మాబాయి ఏడుస్తూ నవ్వుతోంది. “మంచిగ చేరిందా బిడ్డా?”

“చేరింది అవ్వా. నీ బియ్యం మంచిగ చేరినయ్.”

హెడ్‌ఫోన్‌లో కంట్రోలర్ గొంతు వినిపించింది. “అంతా బాగుంది. ఇక తలుపు తీయొచ్చు.”

భానుప్రసాద్ నవ్వుతూ ఆమెకు దారి ఇచ్చాడు.

అంకిత గాల్లో తేలుతూ వెళ్లి నౌక తలుపు తీసింది.