కడుపు చల్లగా

“మీ ఇంట్లో ఈ జబ్బు ఇంకెవరికైనా ఉందా?” అడిగాడు డాక్టరు.

అద్దం పగలగొట్టిన పిల్లలా కండక్టరమ్మ మెల్లగా చెయ్యెత్తింది. “నాకే బాబూ. నా నుంచే వచ్చింది.”

పక్క కుర్చీలో ఆమె చిన్నకూతురు పొట్ట పట్టుకుని కూర్చుంది. పెద్దపేగులో పుండ్లు. విరేచనంలో నెత్తురు పడి పడి మనిషి సగమైపోయింది.

ఆ బాధ కండక్టరమ్మకు కొత్తా? బస్సులో టికెట్లు కొట్టినన్నాళ్లూ ఏ స్టాపు వెనక మరుగుదొడ్డి ఉందో ఆమెకు టికెట్ ధరలకన్నా బాగా తెలుసు. ఆ రోజుల్లో ఏ మందూ ఆమెకు పని చేయలేదు. దారిలో బండి ఆపించి పరుగెడుతుంటే బస్సు బస్సంతా నవ్వేది.

“ఊరుకోమ్మా. నువ్వేమన్నా కావాలని ఇచ్చావా?” అంది కూతురు.

“ఇద్దరు చాలు, ఇంకొకరొద్దు, బిడ్డకీ రావచ్చు అని అప్పటి డాక్టరు చిలక్కి చెప్పినట్టు చెప్పాడే. విన్నానా?”

“అలా అనుకోకండమ్మా,” అన్నాడు డాక్టరు. “ఒంటిని కాపాడాల్సిన కణాలే దారి తప్పి పేగు మీద పడటం ఇది. ఫలానావాళ్లకే వస్తుందని చెప్పలేం. ఆడవాళ్ల హార్మోన్లు కూడా ఆ కణాల్ని ఒకప్పుడు ఎగదోస్తాయి, ఒకప్పుడు జోకొడతాయి. అందుకే కొందరికి నెలసరి ముందు ఎక్కువవుతుంది. కడుపుతో ఉన్నప్పుడు కొందరికి పెరుగుతుంది, కొందరికి తగ్గుతుంది. మీకెలా ఉండేది?”

కండక్టరమ్మ కూతురి వైపు ఓసారి చూసింది.

“తగ్గేది బాబూ. అసలు జబ్బే లేనట్టుండేది. కాన్పవగానే మళ్లీ మొదలు.”

“అందుకేనా, నన్ను మోసినప్పటి ఫొటోలో అంత కళకళలాడుతున్నావు!” కూతురు నీరసంగా నవ్వింది. “మా అక్కా అన్నా నన్ను కొసరు పిల్ల అని ఏడిపించేవాళ్లండీ. అమ్మేమో ‘నిన్ను కోరి కన్నానే’ అని వాళ్లకన్నా ముందు నాకే ముద్ద పెట్టేది. ఎవరు వద్దన్నా వినకుండా నన్ను కోరుకున్న మనిషి మీద నాకు కోపమెలా వస్తుంది?”

కండక్టరమ్మ తేలు కుట్టిన దొంగలా తల దించుకుంది. జబ్బు తన నుంచే వచ్చిందని ఎంతమంది ముందైనా ఒప్పుకోగలదు. రెండో నిజం మాత్రం ఇన్నేళ్లుగా నోటి దాకా వచ్చి ఆగిపోతూనే ఉంది. కూతురు ఆమె చెయ్యి అందుకుని గట్టిగా పట్టుకుంది.

ఆమె కోరుకున్నది నొప్పి లేని ఆ తొమ్మిది నెలలే.