సుద్దముక్క కొలత

"ఈ మంచం ఎవరికి చేసినవయ్యా? బడి పిల్లలకా?"

జీపు వెనక తలుపులోంచి చంద్రకాంత్ పాదాలు రెండూ బయటికి పొడుచుకు వచ్చాయి. ముత్తంగి రోడ్డు పక్క రేకుల షెడ్డులో వెల్డింగ్ ఆపి, షంషేర్ నల్లద్దాలు నుదుటి మీదికి తోసుకున్నాడు.

"ఇరవై ఏండ్ల సంది ఇదే పని సార్. నా కొలత తప్పది."

"తప్పకపోతే నా కాళ్లు బయటెందుకున్నయ్? పైపు మిగుల్చుకున్నవ్. సీదా చెప్పు."

షంషేర్ మొహం గట్టిపడింది. "నేను పైపుల దొంగను కాను సార్. జెర సూసి మాట్లాడుండ్రి."

చంద్రకాంత్ కిందికి దిగి చొక్కా దులుపుకున్నాడు. శుక్రవారానికి రెండే రోజులున్నాయి. ఆ రోజు తెల్లవారి ఆరింటికి ఇక్కడి జంక్షన్ నుంచే ఆరు జీపులు రాజస్థాన్ ఎడారికి బయల్దేరతాయి. పదకొండు రోజులు. జీపుకు ఒక్కరే. ఎడారిలో ఊళ్లుండవు, పెట్రోలు బంకులుండవు. నీళ్లు, పొయ్యి, పడక అన్నీ ఈ చిన్న బండిలోనే ఇమడాలి. సంవత్సరం నుంచి అతను ఎవరు కనబడినా ఈ సంగతే చెబుతున్నాడు.

"నిన్ను దగ్గరుండి చూసుకోమన్న గదా. ఇదేనా నువ్వు చూసింది?" అని భార్య మీదికి తిరిగాడు.

హర్షిణి ఇనుప స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంది. భుజానికి గుడ్డసంచీ. "దగ్గరుండే చూసిన," అంది.

అతను విసురుగా పక్క తలుపు తెరిచి, పొయ్యి పెట్టే మడత బల్లను కిందికి దించాడు. అది నడుముకు జానెడు కిందనే ఆగింది.

"వంగి వండుకోవాల్నా? నా నడుమేం గావాలె?"

"మీరు వండుతరా?" అంది హర్షిణి.

షంషేర్ దగ్గు వచ్చినట్టు మొహం పక్కకు తిప్పుకున్నాడు. చంద్రకాంత్ చెవులు ఎర్రబడ్డాయి.

"నేను పోవుడు నీకు మొదటి నుంచి ఇష్టం లేదు."

"ఎన్నడన్న వద్దన్ననా?"

"నోటితోటి అనాల్నా? మొహం చూస్తే తెల్వదా? బండి కాగితాల మీద నీ పేరుందని నీదే అనుకుంటున్నవేమో! నా పేరుకు వాహనం అచ్చిరాదని జోగిపేట పంతులు చెప్పిండు, నీ పేరు రాయించిన. గంతే. పదకొండు రోజులు ఇల్లు చూసుకో, పిల్లల పరీక్షలు చూసుకో. అక్కడ సిగ్నల్ ఉండది. పప్పుకు, ఉప్పుకు ఫోన్ చేసి పరేషాన్ చెయ్యకు."

హర్షిణి సంచీని ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంది.

చంద్రకాంత్ షంషేర్ దగ్గర తాళంచెవి లాక్కుని డ్రైవర్ సీట్లో కూలబడ్డాడు. మోకాళ్లు రెండూ స్టీరింగుకు కొట్టుకున్నాయి. సీటును వెనక్కి నెట్టాడు. కదల్లేదు. వెనకనే వంద లీటర్ల స్టీలు నీళ్ల ట్యాంకు సీటును ఆనుకుని నిలబడి ఉంది.

"అరే, ఏందిది? దీన్ని నేనెట్ల నడపాలె? తియ్యి, ట్యాంకు తియ్యి. మంచం కొయ్యి. ఎల్లుండి లోపల మొత్తం మార్చాలె."

"ట్యాంకును బాడీకి వెల్డింగ్ కొట్టేసిన సార్. విప్పితే వారం పడ్తది."

"కొలతలు ఫోన్‌ల పంపిన గదా నీకు! గుడ్డోనివా?"

షంషేర్ చేతి తొడుగులు తీసి నేలకు కొట్టాడు.

"ఫోన్‌ల వచ్చిన కొలతకు నేను పని చెయ్య సార్. మా అబ్బ కూడా చెయ్యలే. మనిషి రావాలె. కింద పడుకోబెట్టి సుట్టూ సుద్దముక్కతోటి గీస్త. కూసోబెట్టి మోకాలు చూస్త, నిలబెట్టి మోచెయ్యి చూస్త. మిమ్ములను రమ్మని నాలుగు సార్లు ఫోన్ చేసిన. ఏమన్నరు? 'ప్లాంటుల పని నడుస్తుంది, నాకు తీరది, ఏదున్నా మేడమ్‌ను అడుగు' అన్నరు. అడిగిన."

"అడిగితే?"

షంషేర్ మూలనున్న గోనెపట్టాను కాలితో పక్కకు జరిపాడు.

సిమెంటు నేల మీద తెల్లటి గీత. వెల్లకిలా పడుకున్న మనిషి ఆకారం. తల, భుజాలు, దగ్గరికి పెట్టుకున్న కాళ్లు. భుజం పక్క నుంచి నడుము దాకా సన్నగా ఒక జడ.

చంద్రకాంత్ జీపు దిగి ఆ జడ వంక చూశాడు. తర్వాత హర్షిణి వంక చూశాడు.

"ఏందే ఇది?"

"పోయేటోళ్ల లిస్టుల గూడ పేరు మార్పించిన," అంది హర్షిణి. "బండి ఎవరి పేరు మీదుంటే వాళ్లే నడపాల్నంట."

భుజం నుంచి సంచీ తీసి అతని చేతికి తగిలించింది. పైన పిల్లల పరీక్షల టైంటేబుల్, కింద రెండు ఖాళీ టిఫిన్ డబ్బాలు.

"అక్కడ సిగ్నల్ ఉండదంట. పప్పుకు, ఉప్పుకు ఫోన్ చేసి పరేషాన్ చెయ్యకుండ్రి."

చంద్రకాంత్ గట్టిగా నవ్వాడు. షంషేర్ నవ్వలేదు.

"స్కూటీ మీద కూరగాయలకు పోతవ్, నీకు జీపు నడపనొస్తదా?"

ఆమె అతని వేళ్లలోంచి తాళంచెవి తీసుకుని ఎక్కింది. బండిని వెనక్కి తీసి, రెండు స్తంభాల నడుమ నుంచి ఎక్కడా తగలకుండా రోడ్డెక్కించింది.

సీటు జరపాల్సిన పని పడలేదు.